పాత బేసిక్ ఆటను పైథాన్‌లోకి మార్చే ముందు దాన్ని ఓసారి ఆడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనది ఇదండీ: నాన్నగారు కుర్రతనంలో, పాత పీసీల ప్రోగ్రామింగ్ భాష అయిన జీడబ్ల్యూ-బేసిక్‌లో రాసుకున్న "1 నుంచి 100 లోపు నంబర్ చెప్పుకో" ఆట (కంప్యూటర్ అనుకున్న సంఖ్యను మనం ఊహించాలి) ఫ్లాపీలో దొరికింది. దాన్ని ఇప్పటి భాష పైథాన్‌లో రాసి ఆయన షష్టిపూర్తికి చూపించాలని మీ కోరిక. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి. పాత ప్రింటవుట్ చూసి వరసకు వరస మారుస్తుంటే గోటూల (ఫలానా వరసకి దూకమనే ఆదేశాల) దగ్గర ఆగిపోయారు.

ఇదే పని రెండేళ్ల కిందట గుంటూరులో మా మేనకోడలి కోసం చేశాను. నాకు తెలిసింది చెప్తాను.

ముందు ఆ పిచ్చి గుర్తుల సంగతి. ఫైలు పాడైపోయిందని కంగారుపడకండి. జీడబ్ల్యూ-బేసిక్‌లో మామూలుగా సేవ్ చేస్తే ప్రోగ్రాం కుదించిన రూపంలో దాచుకుంటుంది, మనుషులు చదివేలా ఉండదు. సేవ్ అని ఫైలు పేరు కొట్టి, చివర కామా పెట్టి ఏ అక్షరం చేరిస్తేనే మామూలు టెక్స్ట్‌గా వస్తుంది. పీసీ-బేసిక్ అని ఉచితంగా దొరికే ఎమ్యులేటర్ (పాత బేసిక్‌ను అనుకరించే ప్రోగ్రాం) ఉంది, ఇప్పటి విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. అందులో మీ ఫైలు లోడ్ చేసి, ఏ పెట్టి మళ్లీ సేవ్ చేయండి.

ఆ టెక్స్ట్ చేతికి రాగానే పైథాన్ తెరవకండి. పీసీ-బేసిక్‌లోనే కనీసం పదిసార్లు ఆడండి. ఆట ఏమడుగుతోంది, తప్పు కొడితే ఏమంటోంది, గెలిస్తే ఏమంటోంది, అన్నీ కాగితం మీద రాసుకోండి. మీరు మార్చాల్సింది ఆ కాగితం మీద ఉన్నదాన్నే, గోటూలను కాదు.

ఎందుకంటున్నానో చెప్తాను. తొంభైలలో బ్రాడీపేట అడ్డరోడ్డులో ఓ ఇన్‌స్టిట్యూట్‌లో బేసిక్ నేర్చుకున్నాను. ఒక్కో కంప్యూటర్‌కి ముగ్గురం. ఈ ఆటే మాకు మొదటి పెద్ద ప్రోగ్రాం. అప్పటికే ఇది పాత ఆట. 1973లో డేవిడ్ ఆల్ అచ్చువేసిన బేసిక్ ఆటల సంకలనం నుంచి ఇలాంటివి చేతులు మారుతూ ఊరూరా తిరిగాయి. మా బ్యాచ్‌లో ఎవరు ముందు కూర్చుంటే వాళ్లు మొదటి దెబ్బకే 13 కొట్టి గెలిచేవాళ్లు. రెండో ఆటలో 66. బేసిక్ మూసి మళ్లీ తెరిస్తే మళ్లీ 13! సారే ఎక్కడో దాచిపెట్టారనుకున్నాం.

అసలు కారణం చాలా చిన్నది. రాండమైజ్ (సంఖ్యలు కొత్తచోట మొదలుపెట్టమనే ఆదేశం) అనే వరస లేకపోతే జీడబ్ల్యూ-బేసిక్ ప్రతిసారీ ఒకే చోట మొదలవుతుంది. అది ఇచ్చే మొదటి రాండమ్ భిన్నం .1213501. దాన్ని వందతో గుణించి, ఒకటి కలిపి, దశాంశాలు తీసేస్తే 13. మీ నాన్నగారి ప్రోగ్రాంలో రాండమైజ్ టైమర్ ఉందేమో చూడండి. అది లేకపోయి, ఆట 1 నుంచి 100 వరకే అయితే, షష్టిపూర్తి రోజున ఆయన కూర్చున్న వెంటనే 13 కొట్టినా కొడతారు. ఆ వేళ్లకు గుర్తుండిపోయే సంఖ్య అది. పైథాన్ అలా కాదు, తెరిచిన ప్రతిసారీ కొత్తచోట మొదలవుతుంది. సీడ్ (మొదలుపెట్టే సంఖ్య) బిగించినా లెక్కకట్టే పద్ధతే వేరు కాబట్టి 13 దానంతటది రాదు. నేనైతే మొదటి రెండు ఆటలకు 13, 66 చేత్తో పెట్టేసి, మూడో ఆట నుంచి రాండమ్‌కి వదిలేస్తాను. పోర్ట్ (ప్రోగ్రాంను ఇంకో భాషలోకి మార్చడం) అంటే నాకు అదే.

గోటూలు అనుకున్నంత కష్టం కాదు. వెనక్కి దూకేవన్నీ కలిసి రెండు లూపులు (మళ్లీ మళ్లీ నడిచే భాగాలు) అవుతాయి: బయటిది ఒక్కో ఆటకి, లోపలిది ఒక్కో ఊహకి. జాగ్రత్త పడాల్సింది ఊహలు లెక్కపెట్టే వేరియబుల్ (సంఖ్యను దాచుకునే పేరు) దగ్గర. నేను దాన్ని ఒకటితో మొదలుపెట్టి, పోల్చకముందే ఇంకొకటి కలిపాను. మేనకోడలు వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటోంది. "ఏడుసార్లే కదా మామయ్యా కొట్టింది, ఎనిమిది అంటోందేంటి?" అంది. పాత ప్రోగ్రాంలో తప్పు ఊహ తర్వాతే ఒకటి కలుస్తుంది. ఒక్క వరస జరిగితే, ఏడు ఊహల్లో గెలిచినందుకు పిల్లకు రావాల్సిన మెప్పు పోయింది.

ఆ ఏడుకి ఆటలో ప్రాణం ఉంది. నూటికి ముందు 50 కొడితే, తప్పయినా మహా అయితే 50 మిగులుతాయి. అక్కడి నుంచి 25, 12, 6, 3, 1. ఏడో ఊహకి దొరికి తీరాలి. మీ ప్రింటవుట్‌లో పరిమితి (ఇక్కడ 100) లాగరిథమ్‌ని 2 అనే సంఖ్య లాగరిథమ్‌తో భాగించి, పూర్ణాంకం తీసి, ఒకటి కలిపే వరస ఉంటే అది ఇదే లెక్క. దయచేసి దాన్ని తీసేయకండి. పైథాన్‌లో పూర్ణాంకాలకు బిట్ లెంగ్త్ (సంఖ్యను 0, 1లతో రాస్తే ఎన్ని అంకెలో చెప్పేది) అనే మెథడ్ ఉంది, అదే జవాబు దశాంశాల గొడవ లేకుండా ఇస్తుంది. 100కి 7 వస్తుంది, సరిచూసుకోండి.

నాకు ఎక్కువ రోజులు పట్టింది మాత్రం కోడ్ కాదు, తెలుగు. "టూ హై" ఉన్నచోట "ఎక్కువ" అని పెట్టాను. ఎక్కువ అని కనపడగానే పిల్ల ఇంకా పెద్ద సంఖ్య కొట్టింది. తప్పు దానిది కాదు. ఎక్కువైందని చెప్తోందో, ఎక్కువ చెప్పమంటోందో ఆ ఒక్క మాటలో ఎలా తెలుస్తుంది? ఇంట్లో నోటితో ఆడుకునేటప్పుడు మనం ఏమంటామో గుర్తు చేసుకున్నాను. "ఇంకా పైకి", "కిందికి దిగు". ఆ రెండూ పెట్టాక మళ్లీ ఎవరూ తడబడలేదు.

ఇన్‌పుట్ దగ్గర ఇంకో సంగతి. అంకె బదులు అక్షరం కొడితే బేసిక్ "రీడూ ఫ్రమ్ స్టార్ట్" అని తానే మళ్లీ అడుగుతుంది. పైథాన్ వాల్యూ ఎర్రర్‌తో ఆగిపోతుంది, ట్రై (తప్పు వస్తే పట్టుకునే ఆదేశం) పెట్టి మీరే మళ్లీ అడగాలి. కానీ ౫౦ అని తెలుగు అంకెల్లో కొడితే పైథాన్ దాన్ని యాభైగానే తీసుకుంటుంది! మేనకోడలు తెలుగు కీబోర్డులో కొడితేనే నాకూ తెలిసింది, ఆ రోజు చాలా సంతోషమేసింది. ఇదే జావాస్క్రిప్ట్‌లో నంబర్‌గా మారదు.

ట్యాబ్ 33 (33వ గడికి జరిపే ఆదేశం) పెట్టి మధ్యకు జరిపిన శీర్షిక ఉంటే, తెలుగులో అది పక్కకు పోతుంది. "తక్కువ" మన కంటికి మూడక్షరాలు, పైథాన్ లెక్కలో ఆరు. ఖాళీలు చేత్తో సరిచేసుకోవడమే.

టెక్స్ట్‌గా సేవ్ అయ్యాక, రాండమైజ్ ఉందో లేదో చూసి, లెక్కపెట్టే వేరియబుల్ ఉన్న వరసలు ఇక్కడ పెట్టండి. సాయంత్రం ఏడు తర్వాత ఖాళీగానే ఉంటాను, కూర్చుని చూద్దాం.