కొత్త రివాల్వర్ మొరాయిస్తోంది, విప్పి చూడమంటారా?

ప్రశ్న: ఆకివీడు దగ్గర చేపల చెరువులు చేస్తున్నానండి. పట్టుబడి రోజుల్లో, అంటే చేపలు పట్టి అమ్మేటప్పుడు, డబ్బుతో రాత్రిళ్లు తిరగాల్సి వస్తుందని ఆత్మరక్షణ కింద లైసెన్సు తీసుకుని, ఎనిమిది నెలల కింద కొత్త .32 రివాల్వర్ కొన్నాను. లక్ష దాటింది. ఆరు తూటాలు పెడితే రెండు పేలడం లేదు. తూటాలు పెట్టే సిలిండర్ తిరుగుతూ ఒక్కోసారి సగంలో ఆగిపోతోంది. డీలరేమో ‘మీ ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉంటుంది, అమ్మిన సరుకు వెనక్కి తీసుకోం’ అంటున్నాడు. భీమవరంలో చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు బాగుచేసే మా బావమరిది విప్పి చూస్తానంటున్నాడు. దీని బదులు పెద్ద బోరుది, అంటే గొట్టం లోపలి కొలత ఎక్కువున్నది ఇమ్మని అడగొచ్చా? (పేరు రాయవద్దన్నారు)

జవాబు: ముందు బావమరిది సంగతి తేల్చేద్దాం. వద్దండి. ఆయన పనితనం మీద నాకు అనుమానం లేదు గానీ, తుపాకీ బాగుచేయాలన్నా, పేల్చి పరీక్షించాలన్నా ఆయుధాల చట్టం 1959లోని సెక్షన్ 5 కింద విడిగా లైసెన్సు ఉండాలి. అది లేకుండా చేస్తే సెక్షన్ 25 ప్రకారం నేరం. 2019 సవరణ తర్వాత దీనికి ఏడేళ్లకు తక్కువ కాకుండా, యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు. మీ లైసెన్సు మీరు దగ్గర పెట్టుకోవడానికే, ఆయన స్క్రూడ్రైవర్ పెట్టడానికి కాదు. పైగా ఒక్క స్క్రూ కదిలిన గుర్తు కనబడినా, ‘పాడుచేసింది మీరే’ అనే మాట డీలరు నోటికి మనమే అందించినట్టవుతుంది.

లైసెన్సున్న డీలరు దగ్గరకు మీరే వెళ్లాలని లేదు. రిపేరు కోసం మీరు రాసిచ్చిన ఉత్తరంతో, లైసెన్సు లేని మనిషి కూడా తీసుకెళ్లొచ్చని సెక్షన్ 3లోనే మినహాయింపు ఉంది. అయినా ఈసారికి మీరే వెళ్లండి. ఆయుధం నంబరు, తేదీ, మీరు చెప్పిన లోపం రాసిన రసీదు చేతికి రాకుండా వదిలిరావద్దు. అప్పగించిన సంగతి మీ పోలీస్ స్టేషన్‌కు కాగితం మీద తెలపండి.

ఇక దాన్ని కాల్చడం ఆపేయండి. సిలిండర్ గది బ్యారెల్‌కు సూటిగా రాకుండా, తూటాను పేల్చే సుత్తి (హ్యామర్) పడితే తూటా అంచు చెక్కుకుపోయి సీసం పక్కలకు చిమ్ముతుంది, పక్కనున్నవాళ్ల కళ్లకే ప్రమాదం. టప్‌మని చిన్న శబ్దం వచ్చి తూటా బ్యారెల్‌లోనే ఇరుక్కుంటే, వెనకే మరొకటి కాల్చినప్పుడు బ్యారెల్ పగలొచ్చు. చెరువు గట్టు మీద ‘ఇంకోసారి చూద్దాం’ అనుకోవద్దు. మనుషుల ప్రాణానికి ముప్పు తెచ్చేలా నిర్లక్ష్యంగా కాలిస్తే రెండేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా ఉంది. సంక్రాంతి సంబరాల్లో గాల్లోకి కాల్చేవాళ్లకూ ఇదే శిక్ష.

పేలని తూటాలు పారేశారా? పారేయకపోతే అవే మీ సాక్షులు. తూటా వెనక, దెబ్బ తగిలితే మందును అంటించే చిన్న బిళ్ల (ప్రైమర్) మీద పడిన గుంట చూడండి. లోతు లేకుండా గీరినట్టుంటే హ్యామర్ దెబ్బ చాలడం లేదని, స్ప్రింగు గానీ, ప్రైమర్‌ను పొడిచే ఫైరింగ్ పిన్ను గానీ బాగాలేదని అనుమానించాలి. గుంట లోతుగా పడీ పేలలేదంటే లోపం తూటాదే కావొచ్చు. అప్పుడు మీ గొడవ రివాల్వర్ తయారీదారుతో కాదు. వాటిని విడిగా భద్రపరచండి, మీ లైసెన్సు లెక్కలో అవి కూడా ఉన్నాయి కదా.

ఉప్పుగాలి మాటకొస్తే, అది మన డెల్టాకు నిన్న వచ్చింది కాదు, డీలరుకు తెలియందీ కాదు. అయినా వాదనతో తేలే విషయం కాదిది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 38 కింద జిల్లా వినియోగదారుల కమిషన్ ఆయుధాన్ని సీలు చేయించి ల్యాబుకు పంపగలదు. తుప్పో, తయారీ లోపమో అక్కడ తేలుతుంది. ‘వెనక్కి తీసుకోం’ అని బోర్డు పెట్టినంత మాత్రాన చెల్లదు. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోననడాన్ని అదే చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. మీరు కొని ఎనిమిది నెలలైంది కాబట్టి, మీ బిల్లులో ఎంత గడువు రాశారో చూసుకోండి.

ముందు డీలరుకూ తయారీదారుకూ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ఫలితం లేకపోతే మీరుండే చోటి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, డీలరు ఊరు వెళ్లక్కర్లేదు. కొన్న ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. ‘చేపల వ్యాపారానికి కొన్నాడు, వినియోగదారుడే కాదు’ అని అవతలివాళ్లు అనొచ్చు. లైసెన్సులో ఆత్మరక్షణ అని ఉంది కాబట్టి దాని నకలు మొదటి కాగితంగా జతచేయండి.

పెద్ద బోరు మాట మరిచిపోండి. .38, .455 రివాల్వర్లు నిషిద్ధ బోరు కిందికి వస్తాయి, మీ లైసెన్సుకు అవి రావు. ఇదే బోరులో మార్చి ఇస్తామన్నా వెంటనే తెచ్చుకోవద్దు. మీ లైసెన్సు మీద పాత ఆయుధం నంబరుంది. కలెక్టరేట్‌లో అనుమతి తీసుకుని, కొత్త నంబరు ఎక్కించుకున్నాకే కొత్తది ఇంటికి తెచ్చుకోండి.