షుగర్ పొడి ప్రకటన మీద కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు టీవీలో చూసి షుగర్ పూర్తిగా తగ్గిపోతుందన్న పొడి డబ్బాలు తెప్పించుకున్నారండీ. గుణం కనిపించలేదు. ‘అది పని చేయదని మీరే రుజువు చేయాలి’ అంటున్నారు అమ్మినవాళ్లు. నిజమేనా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కాదండీ. 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మేజిక్ రెమెడీస్ చట్టంలో ఒక జబ్బుల జాబితా ఉంది, షుగర్, క్యాన్సర్ లాంటివన్నీ అందులో ఉన్నాయి, వాటిని నయం చేస్తామని జనానికి ప్రకటన ఇవ్వడమే నేరం, మందు పని చేసిందా లేదా అన్న గొడవ దాకా పోనక్కర్లేదు. తాయెత్తులూ ఇందులోకే వస్తాయి. మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఏడాది వరకు. యునానీ మందుల సంస్థ హమ్‌దర్ద్ దవాఖానా ఈ చట్టాన్ని సవాలు చేస్తే, సుప్రీంకోర్టు ఒకటి రెండు భాగాలు కొట్టేసి మిగతాది నిలబెట్టింది.

2024లో పతంజలి వాళ్లు పేపర్లలో క్షమాపణ వేశారు గదా, అది మాత్రం ఈ చట్టం కింద శిక్ష కాదు, అలాంటి ప్రకటనలు ఇవ్వబోమని కోర్టుకిచ్చిన మాట తప్పినందుకు నడిచిన కోర్టు ధిక్కార కేసు. చాలామంది రెండూ కలిపేస్తుంటారు.

మీరు ప్రకటన వీడియో, డబ్బా లేబుల్ ఫొటో, బిల్లు దాచిపెట్టి ఔషధ నియంత్రణ శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. డబ్బులు వెనక్కి కావాలంటే అది వేరే దారి, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. ముందు నాన్నగారు డాక్టరిచ్చిన మాత్రలు ఆపేశారేమో కనుక్కోండి!