డాక్టర్ సలహా: పాప ‘చెప్తే కొడతడు’ అంటోంది, నేనేం చేయాలి?

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర ఒక ఊరు, అంగన్‌వాడీ టీచర్‌ని. మా సెంటర్‌లో నాలుగేళ్ల పాప ఉంది. అమ్మానాన్నలు వలస పోయారు, నానమ్మ దగ్గర ఉంటుంది. కొన్నాళ్లుగా బాత్రూమ్‌కు పోనంటోంది, చడ్డీలోనే పోసుకుంటోంది, కింద మంట అంటోంది. సాయంత్రం తీసుకుపోవడానికి ఒక బంధువు వస్తే నా కొంగు పట్టుకుని వదలదు. ఎందుకని అడిగితే ‘చెప్తే కొడతడు’ అంది. నానమ్మ నులిపురుగులంటోంది, మా ఆయా ‘మనకెందుకమ్మా’ అంటోంది. బట్టలు తీసి చూడమంటారా? ఎవరికి చెప్పాలి? మిగతా పిల్లలకు ఇవన్నీ ఎట్లా నేర్పాలి?

జవాబు: అమ్మా, ముందు ఈ రోజు సంగతి. పాపను ఆ బంధువుతో పంపకండి. నానమ్మనే రమ్మనండి, ఆమె రాలేకపోతే మీరే వెంట వెళ్లండి. ఆయన్ని నిలదీయొద్దు, పదిమందిలో మాట రానివ్వొద్దు, అట్లా చేస్తే దెబ్బ పడేది పాపకే. తర్వాత 1098కి ఫోన్ చేయండి, ఆపదలో ఉన్న పిల్లల కోసం ఇరవై నాలుగు గంటలూ పనిచేసే ఉచిత నంబర్ అది. పోలీస్ స్టేషన్‌కూ తెలియజేయండి. సూపర్‌వైజర్‌కు చెప్పడం మంచిదే కానీ ఆమెకు చెప్పాను కదా అని ఆగిపోకండి.

పాప లక్షణాల్లో ఒక్కొక్కదానికి వేరే కారణం ఉండొచ్చు, నేను కాదనను. నులిపురుగులుంటే మలద్వారం దగ్గర దురద, రాత్రిపూట ఎక్కువ, ఆడపిల్లల్లో ముందువైపు కూడా మంట రావచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా, మలబద్ధకం ఉన్నా, అమ్మానాన్నల మీద బెంగ పెట్టుకున్నా చడ్డీ తడుపుతారు. కానీ ఒక మనిషి రాగానే వణికిపోవడం, చెప్తే కొడతాడనడం పురుగుల వల్ల రావు. అంత మాట పాప నోటి నుంచి వచ్చాక రుజువు కోసం మీరు వెతకనక్కర్లేదు. అనుమానం ఉంటే చాలు, తేల్చే పని పోలీసులది, డాక్టర్లది. పిల్లల మీద లైంగిక వేధింపులను అడ్డుకునే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం చెప్పడం మీ బాధ్యత, తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, సంస్థను నడిపేవాళ్లకైతే ఏడాది దాకా. మంచి ఉద్దేశంతో చెప్పిన మనిషి మీద, చివరికి ఏమీ లేదని తేలినా, కేసు ఉండదు. ఇది మీ ఆయాకు కూడా చెప్పండి.

బట్టలు తీసి చూడొద్దు. పాపను మళ్లీ భయపెట్టినట్టవుతుంది, పైగా చూసినా మీకు ఏమీ తెలియదు. లైంగిక వేధింపుకు గురైన పిల్లల్లో చాలామందికి డాక్టర్ పరీక్షలో కూడా ఏ గాయమూ కనిపించదు, కాబట్టి ‘అంతా బాగానే ఉంది’ అనే రిపోర్టు చూసి పాప మాట అబద్ధమనుకోవద్దు. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్తే ఎఫ్‌ఐఆర్ లేకపోయినా చూడాలి, ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి, పాప నమ్మే మనిషి పక్కన ఉండాలి. ఈ మధ్యే, అంటే మూడు రోజుల్లోపు ఏదైనా జరిగిందనిపిస్తే ఇంకా తొందరపడండి. స్నానం చేయించకుండా, వేసుకున్న బట్టలు ఉతక్కుండా, ప్లాస్టిక్ కవర్‌లో కాకుండా కాగితంలో చుట్టి తీసుకెళ్లండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు కూడా 72 గంటల్లోపే మొదలుపెట్టాలి.

పాప మళ్లీ ఏమైనా చెప్తే వినండి, అంతే. ‘ఆయన ఇట్లా చేశాడా’ అని మీరు అందించొద్దు, ‘తర్వాత ఏమైంది’ అనడం వరకే. ‘ఎవరికీ చెప్పను’ అని ఒట్టు వేయొద్దు. ‘చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేం లేదు’ అనండి. ఆమె మాటలు ఆమె అన్నట్టే, తేదీ, టైమ్ వేసి రాసిపెట్టుకోండి. పోలీసులు యూనిఫాం లేకుండా, పాప ఉన్న చోటికే వచ్చి మాట్లాడాలి, వీలైనంతవరకు మహిళా ఎస్సై రావాలి, ఇది మీరు అడగొచ్చు. పాప పేరు ఊళ్లో ఎక్కడా బయటికి రాకూడదు, వాట్సాప్ గ్రూపుల్లో అసలే వద్దు.

మిగతా పిల్లల విషయంలోనూ కన్ను వేసి ఉంచండి. మోకాళ్లు, ముంజేతులు కొట్టుకుపోవడం ఆటల్లో మామూలే. చెవులు, మెడ, పొట్ట, తొడల లోపలి వైపు కమిలితే మాత్రం ఆరా తీయాలి. నడుము కింద పుట్టుకతో వచ్చే నీలం మచ్చలు మన పిల్లల్లో చాలామందికి ఉంటాయి, వాటిని దెబ్బలనుకుని కంగారు పడొద్దు.

ఇక నేర్పడం. ఇంట్లో ‘షేమ్ షేమ్’ అంటూ పెంచితే, రేపు ఏదైనా జరిగినా పిల్లకు సిగ్గే అడ్డమొస్తుంది. స్నానం చేయిస్తూ, చేతులు కడిగిస్తూ ముక్కు, మోకాలు అన్నంత మామూలుగా ఒంటికి పోయే చోటు పేరు కూడా చెప్పండి. చడ్డీ కప్పే భాగాలు నీవి, శుభ్రం చేసేటప్పుడు అమ్మో నానమ్మో, జబ్బు చేస్తే అమ్మ పక్కనుండగా డాక్టరో తప్ప ఎవరూ ముట్టుకోకూడదు, నీతో వాళ్లవి ముట్టించకూడదు అనేది నియమంగా నేర్పండి. ‘నచ్చని విధంగా ముట్టుకుంటే చెప్పు’ అంటే నాలుగేళ్ల పిల్లకు అర్థం కాదు, ముద్దుచేస్తూ చాక్లెట్ ఇచ్చి ముట్టుకునేవాడు నచ్చినట్టే ఉంటాడు. ముట్టుకున్న సంగతి దాచమన్నవాళ్లు ఎవరైనా సరే, వెంటనే చెప్పాలని నేర్పండి. ఎవరికి చెప్పాలో కూడా, ఒక్కరు వినకపోతే ఇంకొకరికి చెప్పేలా, మూడు పేర్లు పిల్లతోనే అనిపించండి. చుట్టాలొస్తే ‘మామకు ముద్దు పెట్టు’ అని బలవంతం చేయడం మాన్పించడానికి తల్లుల మీటింగ్‌లో ఒక అరగంట పెట్టండి, వలస పోయిన వాళ్లకు ఫోన్‌లోనైనా చెప్పండి, ఎందుకంటే పిల్ల వద్దన్నప్పుడు ఇంట్లోనే వినకపోతే బయట వద్దనడం దానికి రాదు. సెంటర్‌లో ఏ పిల్లను ఎవరు తీసుకెళ్లొచ్చో ఒక రిజిస్టర్‌లో రాయించి, ఆ పేరు లేనివాళ్లకు, ఎంత దగ్గరి చుట్టమైనా, పంపకండి.