గాఢనిద్ర లేకపోతే డిమెన్షియా వస్తుందా, రక్తపరీక్షలో తెలిసిపోతుందా?

పలాసలో ఉన్న మీ అమ్మగారికి 60 దాటాయి, రాత్రి పదేపదే లేస్తున్నారు, డిమెన్షియా రక్తపరీక్ష చేయించాలా అని అడిగారు కదా. మతిమరుపు లేకుండా ఒక్క నిద్ర కోసమే అయితే వద్దండీ.

నిద్రకీ డిమెన్షియాకీ సంబంధం ఉన్న మాట నిజమే. నిద్రలో మెదడు అల్జీమర్స్ డిమెన్షియాలో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ వ్యర్థాన్ని వేగంగా కడిగేస్తుందని 2013లో ఎలుకల్లో చూశారు, మనుషుల్లో కూడా ఒక్క రాత్రి గాఢనిద్ర చెడగొడితే వెన్ను ద్రవంలో అది పెరిగింది. కానీ జబ్బు మొదలైనా నిద్ర చెడుతుంది, అదొక తిరకాసు.

అసలు చిక్కు రక్తపరీక్షతోనే. పి-టౌ, ఎన్ఎఫ్ఎల్ అనేవి మెదడు జబ్బుల్లో రక్తంలో పెరిగే ప్రొటీన్లు, వాటి నార్మల్ హద్దులు ఎక్కువగా తెల్లజాతివాళ్ల రక్తం చూసి కట్టినవి. అమెరికాలో 2022 నాటి అధ్యయనంలో నల్లజాతివాళ్ల విషయంలో పి-టౌ 181 (పి-టౌలో ఒక రకం), ఎన్ఎఫ్ఎల్ తప్పుదారి పట్టించేలా ఉన్నాయి, అమిలాయిడ్‌లోని రెండు రకాలను పోల్చే 42/40 నిష్పత్తి మాత్రం రెండు వర్గాల్లోనూ ఒకేలా పనిచేసింది. ఇక మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం పక్కనే! కిడ్నీ దెబ్బతింటే మెదడు బాగానే ఉన్నా ఆ టౌ, ఎన్ఎఫ్ఎల్ అంకెలు పైకి పోతాయి, అది చూసి ఇంటిల్లిపాదీ టెన్షన్.

ముందు క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), షుగర్ చూపించండి, రాత్రి లేవడానికి కారణం అక్కడే దొరకొచ్చు. గురక ఉంటే అదీ డాక్టరుకి చెప్పండి. అడిగిందే అడగడం, తెలిసిన దారి తప్పడం లాంటివి ఉంటే న్యూరాలజిస్టు దగ్గరికి.