రోడ్డు గుంతలు పడితే తప్పు వానదా, పనిదా?

మీ ఊరి తారు రోడ్డు వేసి రెండేళ్లు కాకుండానే మొదటి పెద్ద వానకు గుంతలు పడిందనీ, తప్పు పనిదా, వానదా అనీ అడిగారు. పని బాగాలేకపోయి ఉండొచ్చు. కానీ గుంత కనపడేది వానాకాలంలోనైనా, రోడ్డు చెడటం చాలాచోట్ల ఎండాకాలంలోనే మొదలవుతుంది.

గుంటూరు, ప్రకాశం వైపు తొమ్మిదేళ్లు బీటీ (తారు) రోడ్ల పనుల్లో సూపర్‌వైజర్‌గా చేశాను. నేను చేసిన చోట్ల ఎక్కువగా నల్లరేగడే. మే నెలలో చేలో చెయ్యి దూరేంత నెర్రెలు పడతాయి చూడండి, రోడ్డు కిందా అదే మట్టి. బర్ము (రోడ్డు పక్క మట్టి అంచు) వైపు ముందు ఎండి కుంచించుకుంటుంది, మధ్యలో తేమ అలాగే ఉంటుంది. దాంతో అంచుకు కాస్త లోపలగా, పొడవునా సన్నటి పగులు వస్తుంది. బండి మీద పోయేవాళ్లకు అది కనపడదు. పైన తారు సంగతి వేరు. మామూలుగా వాడే వీజీ-30 రకం తారు 47 డిగ్రీల లోపు మెత్తబడకూడదని ప్రమాణం. మన మే మధ్యాహ్నం రోడ్డు పైభాగం 60 దాటుతుంది! లోడు లారీలు నెమ్మదిగా పోయేచోట చక్రాల దారి కుంగి గాడి పడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఎండకూ గాలికీ అదే తారు పెళుసైపోతుంది.

ఇక వాన. గాడిలో నిలిచిన నీళ్లు పగుల్లోకి దిగుతాయి. చక్రం పడ్డప్పుడల్లా ఆ నీళ్లు ఒత్తిడికి అటూ ఇటూ తన్ని, రాయికి పట్టిన తారును ఊడగొడతాయి.

ఒకచోట ట్రాక్టరు దిగడానికి దారి కోసం ఎవరో సైడు కాలువను మట్టితో పూడ్చేశారు. అదే మిక్సు, అదే రోలరు, ఒకే రోజు వేసిన రోడ్డు. ఆ వానాకాలానికి కాలువ పూడిన యాభై మీటర్లే పోయింది, మిగతాది నిలబడింది. మాట పడింది మాత్రం మేమే. తడిలోనే ప్యాచ్ వేయించారు, పది రోజుల్లో అదీ లేచిపోయింది (అది మా తప్పే).

మీరొక పని చేయండి. వాన వెలిశాక గంటకు వెళ్లి నీళ్లెక్కడ నిలిచాయో ఫొటోలు తీయండి. గుంతలు అక్కడే ఉంటే ముందు కాలువ, వాలు సంగతి అడగండి. నీళ్లు నిలవని మెరక మీద కూడా రాయి ఊడి వస్తుంటే, అప్పుడు పని నాణ్యత గురించి గట్టిగా నిలదీయండి.