ఒకే టేకు, ఫొటోకో రంగు: ఫర్నిచర్ షాపుకి వెబ్‌సైట్ ఎలా?

ప్రశ్న: రాజమహేంద్రవరంలో మాకు ఫర్నిచర్ షాపు ఉంది. ఆర్డర్ మీద, ఇచ్చిన కొలతలకి టేకు మంచాలు, ఉయ్యాల బల్లలు, పూజా మందిరాలు చేసిస్తాం. వెబ్‌సైట్ పెట్టాలని ఉంది. ఫోన్‌తో తీస్తుంటే అదే టేకు ఒక ఫొటోలో ఎర్రగా, ఇంకోదాంట్లో పసుపుగా వస్తోంది. మంచి కెమెరా కొనాలా? సైట్‌లో ఏమేం పెట్టాలి? - ఓ పాఠకుడు

జవాబు: కెమెరా ఇప్పుడే కొనకండి. తేడా ఫోన్‌లో లేదు, మీ షాపు వెలుతురులో ఉంది. తలుపులోంచి వచ్చే పగటి వెలుగు సుమారు 5,500 కెల్విన్లు (వెలుగు రంగుకి కొలత) ఉంటే, పసుపు ఎల్‌ఈడీ బల్బు 3,000 దగ్గర ఉంటుంది. రెండూ కలిసి మంచం మీద పడితే ఏది తెలుపో ఫోన్ అంచనా వేసుకోవాలి. ఆ అంచనా ఫొటో ఫొటోకీ మారుతుంది. అందుకే ముందు లైట్లన్నీ ఆపేయండి. నేరుగా ఎండ పడని తలుపు పక్కన వస్తువును పెట్టండి. చీకటిగా ఉన్న రెండో వైపు ఒక తెల్ల థర్మాకోల్ షీట్ నిలబెట్టండి. వస్తువు పక్కన తెల్ల కాగితం ఉంచి, సెట్టింగ్‌లు మనమే మార్చుకోగల కెమెరా ప్రో మోడ్‌లో, ఆ కాగితం తెల్లగా కనిపించేదాకా వైట్ బ్యాలెన్స్ (తెలుపును సరిచేసే సెట్టింగ్) సర్దండి. తర్వాత కాగితం తీసేసి, ఆ సెట్టింగ్ కదపకుండా అన్ని ఫొటోలూ తీయండి. ప్రో మోడ్ లేకపోతే ఆ సదుపాయం ఉన్న కెమెరా యాప్ వేసుకోండి.

ఫోన్‌లో 0.5 అని కనిపించే వైడ్ లెన్స్ జోలికి వెళ్లొద్దు, మంచం కాళ్లు సాగిపోయినట్టు వస్తాయి. ఎనిమిది, పది అడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తీయండి. నిలబడి కాకుండా, ఫోన్‌ను వస్తువు సగం ఎత్తులో పట్టుకోండి. పాలిష్ మీద తళుకు పడుతుంటే పక్కకి జరిగి చూడండి.

పూజా మందిరం మీది చెక్కడపు పనికి మాత్రం ఎదురు వెలుగు పనికిరాదు. పువ్వులు, లతలు అన్నీ చదునైపోతాయి. పక్క నుంచి, దాదాపు చెక్కిన భాగానికి రాసుకుంటూ వెలుగు పడేలా మందిరాన్ని తిప్పండి. ఉలి దిగిన లోతు నీడల్లో తెలుస్తుంది. పని తెలిసినవాళ్లు చూసేవి జాయింట్లు, సొరుగు అడుగు, మంచం వెనక పలక. ఇవి దగ్గర నుంచి తీసి పెట్టండి. ఆర్డర్ మీద చేసే పనిలో కొనేవాళ్లకి నమ్మకం కుదిరేది అక్కడే. పింటరెస్ట్ బొమ్మలు, ఏఐతో చేసిన బొమ్మలు మీ పని అన్నట్టుగా అస్సలు పెట్టొద్దు. అవి మీ పని కాదన్నది ఒక సంగతి. రేపు కస్టమర్ వచ్చి అచ్చం అదే కావాలంటే ఏం చెబుతారు?

ఇక సైట్. మీకు షాపింగ్ కార్ట్ అక్కర్లేదు. చేసిన ప్రతి వస్తువుకీ ఒక పేజీ చాలు: అడుగులు, అంగుళాల్లో కొలతలు, ఏ కలప, ఏ పాలిష్, ఎన్ని రోజులు పట్టింది, ఎంతకి చేసిచ్చారు, ఏం మారితే ధర పెరుగుతుంది. ‘ధర కోసం ఫోన్ చేయండి’ అని మాత్రమే రాస్తే చాలామంది అక్కడితో వెళ్లిపోతారు. పేజీ కింద వాట్సాప్ లింకు పెట్టండి. నొక్కగానే ఆ వస్తువు పేరుతో మెసేజ్ సిద్ధంగా వచ్చేలా చేయొచ్చు. అదే మెసేజ్‌లో గది కొలత, తలుపు వెడల్పు, అపార్ట్‌మెంట్ అయితే లిఫ్ట్ లోపలి కొలత కూడా అడగండి. ఆరడుగుల మంచం చేశాక అది మెట్ల మలుపు దగ్గర ఇరుక్కుంటే ఇద్దరికీ టెన్షనే.

ఫోన్ ఫొటో ఒక్కోటి 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది. అలాగే ఎక్కిస్తే సిగ్నల్ సరిగా లేనిచోట పేజీ త్వరగా తెరుచుకోదు. స్క్వూష్ అనే ఉచిత టూల్‌లో 1,600 పిక్సెళ్ల వెడల్పుకి కుదించి, వెబ్‌పీలో (ఫొటో సైజు తగ్గించే ఫార్మాట్) సేవ్ చేయండి. సాధారణంగా 300 కేబీ లోపే వస్తుంది. తర్వాత పేజీ వేగాన్ని కొలిచే గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో చూసుకోండి. పేజీలోని పెద్ద బొమ్మ 2.5 సెకన్లలోపు కనిపించాలి. డిజైనర్‌కి ఫొటోలు పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

తెలుగు విషయంలో ఒక జాగ్రత్త. ఫ్లెక్సీలకి అను ఫాంట్లలో టైప్ చేసిన మేటర్ నేరుగా సైట్‌లో పెడితే పిచ్చి అక్షరాలు వస్తాయి. దాన్ని బొమ్మగా మార్చి పెడితే సెర్చ్‌కి సరిగా అందదు. ఏ ఫోన్‌లోనైనా తెలుగు సరిగా కనిపించే యూనికోడ్‌లోనే టైప్ చేయించండి. షాపు పేరు, ఫొటోలు, పని వేళలతో గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా తెరవండి, అది ఉచితం.

డొమైన్ పేరు (సైట్ చిరునామా) మాత్రం మీ ఈమెయిల్‌తో, మీ పేరు మీదే కొనండి. సైట్ చేసేవాళ్ల పేరు మీద ఉంటే, వాళ్లతో మాట తేడా వచ్చిన రోజు మీ షాపు చిరునామా వాళ్ల చేతిలో ఉంటుంది. ఆటో రెన్యువల్ ఆన్‌లో పెట్టి, లాగిన్ వివరాలు ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.