రోబో నడక శిక్షణకు లక్షా ఎనభై వేలు ముందే కట్టాలా?

ప్రశ్న: మాది మల్కాజిగిరి. మా వారికి 56 ఏళ్లు, ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. ఏడు వారాల కిందట బ్రెయిన్ స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. డిశ్చార్జి అయి ఐదు వారాలైంది. ఇద్దరం చెరో పక్క పట్టుకుంటే తప్ప అడుగు వేయలేరు. ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు రోజుకు 700 తీసుకుంటారు. మాదాపూర్ వైపు ఒక రిహాబ్ సెంటర్ వారు రోబోతో నడక శిక్షణ 40 సెషన్లకు 1,80,000, చేతికి వేరే రోబో శిక్షణకు మరో 60,000 ముందుగా కట్టమంటున్నారు. రానుపోను క్యాబ్‌కు 1,200 అవుతుంది. వచ్చే నెల నుంచి ఆయనకు జీతం రాదు. మా అబ్బాయి జీతం 48,000. ఇంటి ఖర్చు 36,000, మందులకు 5,000. మూడేసి లక్షల ఎఫ్‌డీలు మూడు, సేవింగ్స్‌లో లక్షన్నర, 12 తులాల బంగారం ఉన్నాయి. ఆస్పత్రి బిల్లు కంపెనీ గ్రూపు పాలసీలో వచ్చింది. ఆయన పేరిట ఒక టర్మ్ పాలసీ, దానికి 5 లక్షల క్రిటికల్ ఇల్‌నెస్ రైడర్ కూడా ఉన్నాయి. ఎఫ్‌డీలు తీసి కట్టమంటారా, బంగారం అమ్మమంటారా? — ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, నడక శిక్షణకు కొంత డబ్బు తప్పకుండా పెట్టండి, అదీ ఆలస్యం చేయకుండా పెట్టండి. కానీ 40 సెషన్ల ప్యాకేజీ మొత్తం ముందే కట్టకండి. చేతి రోబోకు మీ పరిస్థితిలో కట్టవద్దనే నా సలహా. బంగారం జోలికి వెళ్లే అవసరం కనిపించడం లేదు. వైద్యం విషయంలో చివరి మాట మీ న్యూరాలజిస్టుదే అయినా, పెట్టిన డబ్బుకు ఏం వస్తుందో తెలియకుండా ఎఫ్‌డీ తీయమనో వద్దనో చెప్పడం సరికాదు కనుక, ముందు ఈ శిక్షణ గురించి పరిశోధనలు తేల్చినది చెబుతాను.

ఈ యంత్రంలో రోగిని నడుముకు, ఛాతీకి కట్టిన పట్టీలతో పైనుంచి వేలాడదీసి, శరీర బరువులో కొంత భాగాన్ని యంత్రమే మోస్తుండగా, కింద ట్రెడ్‌మిల్ పట్టా కదులుతూ ఉంటే, కాళ్లకు బిగించిన మోటారు అమరికలు తుంటిని, మోకాలిని నడక లయలో కదిలిస్తాయి. స్విట్జర్లాండ్‌కు చెందిన హోకోమా సంస్థ రూపొందించిన లోకోమాట్ ఈ రకం యంత్రమే. మీ వారి లాంటి మనిషిని చేతులతో పట్టుకుని నడిపించాలంటే ఇద్దరు ముగ్గురు కావాలి, వాళ్లు కూడా కాసేపటికే అలసిపోతారు. యంత్రమైతే ఒక్క సెషన్‌లోనే వందల అడుగులు వేయించగలదు. స్ట్రోక్ తర్వాత మెదడు నడకను మళ్లీ నేర్చుకోవడానికి కావలసింది ఆ పదేపదే చేసే సాధనే.

వైద్య పరిశోధనలను కలిపి విశ్లేషించే కాక్రేన్ సంస్థ 2020లో 62 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 2,440 మంది ఫలితాలను కలిపి చూసినప్పుడు, మామూలు ఫిజియోథెరపీతో పాటు ఇలాంటి యంత్ర శిక్షణ కూడా తీసుకున్నవారిలో ఇతరుల సాయం లేకుండా నడవగలిగే స్థితికి చేరినవారు ఎక్కువగా ఉన్నారు. సుమారు ఎనిమిది మందికి యంత్ర శిక్షణ ఇస్తే, అది లేకుండా నడిచేవారికన్నా అదనంగా ఒకరు సొంతంగా నడవగలుగుతారని వారి అంచనా. ఎక్కువ మేలు కనిపించింది స్ట్రోక్ వచ్చిన మొదటి మూడు నెలల్లో ఉన్నవారిలో, ఇంకా నడవలేకపోతున్నవారిలో. మీ వారు ఈ రెండు కోవల్లోనూ ఉన్నారు. కనుక ఆ సెంటర్ వారు చెప్పేది వట్టి మాట కాదు. అయితే మూడు నెలలు నిండడానికి ఇంకా ఐదారు వారాలే ఉన్నాయి. యంత్ర శిక్షణ ఫిజియోకు తోడుగానే పనిచేసిందన్నదీ మరవకండి. సెంటర్‌కు వెళ్తున్నాం కదా అని ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టును మానిపించే ఆలోచన ఉంటే మానుకోండి.

ఆయన చేతికర్రతోనో, ఒకరి భుజం ఆసరాతోనో నడవడం మొదలుపెట్టాక లెక్క మారిపోతుంది. మామూలు ట్రెడ్‌మిల్ శిక్షణపై 2017లో కాక్రేన్ వారే 56 అధ్యయనాలను పరిశీలించగా, సొంతంగా నడవగలిగేవారి సంఖ్య దానివల్ల పెరగలేదని, అప్పటికే నడుస్తున్నవారిలో మాత్రం వేగం, నడిచే దూరం కొంత పెరిగాయని తేలింది. 2011లో అమెరికాలో 408 మందితో లీప్స్ పేరిట జరిగిన పరీక్షలో బరువు మోసే పట్టీలతో ట్రెడ్‌మిల్ శిక్షణ ఒక వర్గానికి, ఇంటి దగ్గరే ఫిజియోథెరపిస్టు చేయించే బలం, బ్యాలెన్స్ వ్యాయామాలు మరో వర్గానికి ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే 52 శాతం మంది నడక మెరుగుపడింది, ఖరీదైన శిక్షణ పొందినవారు ఇంటి వ్యాయామాలు చేసినవారిని మించలేదు. అంటే మీ ఇంటి ముందుగదిలో 700 రూపాయలకు జరుగుతున్న పనిని చిన్నచూపు చూడనక్కర లేదు. అలాగని ఆ పని ఇంటివాళ్లమే చేసుకుందామనుకోవడమూ ప్రమాదమే. మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1,250 మందితో జరిగి, 2017లో వెలువడిన అటెండ్ అధ్యయనంలో కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చి చేయించినా మరణాలుగానీ, ఇతరులపై ఆధారపడడంగానీ తగ్గలేదు.

చేతి రోబో సంగతి ఇంకా స్పష్టంగా ఉంది. 2019లో బ్రిటన్‌లో 770 మందిపై జరిగిన రాటల్స్ పరీక్షలో, మామూలు చికిత్స పొందినవారికన్నా రోబో శిక్షణ పొందినవారి చేతి పనితనం మెరుగుపడలేదు. పెట్టిన ఖర్చుకు తగ్గ ఫలితం లేదనీ తేలింది. ఆ 60,000 మీ దగ్గరే ఉండనివ్వండి.

ఇక లెక్కలు చూద్దాం. నలభై సెషన్లంటే ఒక్కోటి 4,500. క్యాబ్‌కు 48,000 కలిపితే మొత్తం 2,28,000 అవుతుంది. నెలకు 26 రోజులు ఫిజియోథెరపిస్టు వస్తే 18,200 కనుక, ప్యాకేజీకి కట్టే 1,80,000తో దాదాపు పది నెలల ఫిజియో గడుస్తుంది. అందుకే నేను చెప్పేది వారానికి మూడు చొప్పున ఐదు వారాలకు 15 సెషన్లు: ఫీజు 67,500, క్యాబ్ 18,000, మొత్తం 85,500. ఆ ఐదు వారాలు పూర్తయ్యేసరికి మీ వారికి స్ట్రోక్ వచ్చి పన్నెండు వారాలవుతుంది. ట్రాఫిక్‌లో గంటకు పైగా కూర్చుని అలసిపోయి చేరితే శిక్షణ వృథా అవుతుంది కాబట్టి మధ్యాహ్నం వేళ స్లాట్ అడగండి. రక్తపోటు అదుపులో లేకపోయినా, వీపు మీద పుండ్లు పడినా, ఎముకలు బాగా బలహీనపడినా యంత్రం ఎక్కించకూడదు కనుక, న్యూరాలజిస్టు దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే డబ్బు కట్టండి.

సెంటర్ వారు ప్యాకేజీ తప్ప వేరేగా ఇవ్వబోమంటే, ఐదేసి సెషన్లకు విడివిడిగా కడతామని, మధ్యలో జ్వరమో ఫిట్సో వచ్చి ఆగిపోతే మిగిలిన సొమ్ము ఎన్ని రోజుల్లో వెనక్కి ఇస్తారో రసీదు మీదే రాసివ్వమని అడగండి. దానికి ఒప్పుకోని చోట నా కుటుంబం డబ్బైతే నేను కట్టను. ఈఎంఐ ఇస్తామన్నా వద్దు. జీతం ఆగిన ఇంట్లో కొత్త వాయిదా పెట్టుకోకూడదు. 15 సెషన్లు అయ్యాక ఆయనను ఎంతమంది పట్టుకోవలసి వస్తోంది, పది మీటర్లు నడవగలిగితే ఎన్ని సెకన్లు పడుతోంది అన్నది మీ ఇంటి ఫిజియోథెరపిస్టుతో రాయించండి, సెంటర్ వారితో కాదు. ఇద్దరి సాయం ఒకరికి తగ్గి, ఇంకా సొంతంగా నడవలేకపోతుంటే మరో పది సెషన్లకు ఆలోచించవచ్చు. కర్రతో నడుస్తున్నా, ఏమాత్రం మార్పు లేకపోయినా అక్కడితో ఆపేయండి.

ఈ డబ్బు ఎక్కడినుంచి తేవాలన్నది మీ అసలు ప్రశ్న. అబ్బాయి జీతం 48,000లో ఇంటి ఖర్చు, మందులు, ఫిజియో కలిపి 59,200 పోతే నెలకు 11,200 తరుగు. ఏడాదికి 1,34,400. దీనికి 85,500 కలిపితే 2,19,900. అంటే ఒక్క మూడు లక్షల ఎఫ్‌డీతో ఏడాది గడిచి, ఎనభై వేల దాకా మిగులుతుంది. మొత్తం ప్యాకేజీ తీసుకుంటే అదే లెక్క 3,62,400 అయి రెండో ఎఫ్‌డీ కూడా తీయవలసి వస్తుంది. మూడింటిలో అన్నిటికన్నా ఆలస్యంగా వేసినదాన్ని తీయండి. గడువుకు ముందే తీస్తే బ్యాంకు సాధారణంగా అర నుంచి ఒక శాతం వడ్డీ కోస్తుంది, కొత్త ఎఫ్‌డీలో పోయేది తక్కువ. సేవింగ్స్‌లోని లక్షన్నర మాత్రం కదపవద్దు. స్ట్రోక్ ఒకసారి వచ్చినవారికి మళ్లీ వచ్చే ముప్పు ఉంటుంది, అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తవలసి వస్తే చేతిలో ఉండవలసిన సొమ్ము అది. అదే కారణంగా బీపీ, షుగర్, రక్తం పలచబడే మందుల ఖర్చులో ఒక్క రూపాయి కూడా తగ్గించే ప్రయత్నం చేయకండి.

మీరు లేఖ చివర ఒక్క మాటతో దాటేసిన క్రిటికల్ ఇల్‌నెస్ రైడరే (తీవ్రమైన జబ్బు వస్తే సొమ్ము ఇచ్చేలా పాలసీకి జోడించిన అదనపు రక్షణ) నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తోంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన నిర్వచనం ప్రకారం, స్ట్రోక్ వల్ల కలిగిన నరాల లోపం కనీసం మూడు నెలలు కొనసాగి, శాశ్వతమైనదని స్పెషలిస్టు డాక్టరు ధ్రువీకరించి, సీటీ లేదా ఎంఆర్ఐ రిపోర్టు తోడైతే ఆ సొమ్ము ఒకేసారి చేతికి వస్తుంది. ఆస్పత్రి బిల్లులతో సంబంధం లేదు. బీమా కంపెనీకి సమాచారం ఇప్పుడే రాతపూర్వకంగా ఇచ్చి, మూడు నెలలు నిండిన వారంలోనే న్యూరాలజిస్టు అపాయింట్‌మెంట్ తీసుకోండి. సర్టిఫికెట్‌లో చేతి బలహీనత, కాలి బలహీనత, మాటలో తేడా ఉంటే అదీ విడివిడిగా రాయించండి. ఆ 5 లక్షలు వస్తే ముందుగా తీసేసిన ఎఫ్‌డీని తిరిగి వేయండి.

గ్రూపు హెల్త్ పాలసీ పత్రంలో డిశ్చార్జి తర్వాతి ఖర్చులకు ఎన్ని రోజులు ఇచ్చారో హెచ్‌ఆర్ వారిని ఈ వారమే అడగండి. చాలా పాలసీల్లో అది 60 రోజులు. మీకు ఐదు వారాలు ఇప్పటికే గడిచిపోయాయి. డాక్టరు ఫిజియో రాసిన చీటీ, ఫిజియోథెరపిస్టు సంతకం చేసిన తేదీలవారీ రసీదులు, మందుల బిల్లులు జతచేసి క్లెయిము వేయండి. కేవలం విశ్రాంతికీ సంరక్షణకీ అడ్మిట్ అయితే ఆ ఖర్చు ఇవ్వరని పాలసీల్లో ఒక మినహాయింపు ఉంటుంది గనుక, సెంటర్ వారు అక్కడే కొన్నాళ్లు ఉంచమంటే ముందే ఇన్సూరెన్స్ వారి జవాబు తీసుకోండి. పాలసీలో కనిపించే రోబోటిక్ సర్జరీ అన్న అంశం ఆపరేషన్లకు సంబంధించినది, ఈ శిక్షణకు వర్తించదు. ఉద్యోగం ముగిస్తే ఈ గ్రూపు పాలసీ కూడా పోతుంది. ఈ జబ్బుతో కొత్త పాలసీ దొరకడం కష్టం. కాబట్టి రాజీనామా మాట వచ్చేలోపే అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారే దరఖాస్తు పెట్టండి, అబ్బాయి కంపెనీ పాలసీలో తల్లిదండ్రులను చేర్చే వీలుందేమో కనుక్కోమనండి.

వైకల్య ధ్రువపత్రం తీసుకుంటే పన్ను తగ్గుతుందని ఎవరైనా చెప్పి ఉండవచ్చు. ఆదాయపు పన్నులో ఆ మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది; మీ అబ్బాయి జీతానికి కొత్త విధానంలో ఎలాగూ పన్ను పడదు. ఇతర సౌకర్యాల కోసం ఆ పత్రం తర్వాత నెమ్మదిగా తీసుకోవచ్చు. ఈ వారం మీరు చేయవలసినవి హెచ్‌ఆర్‌తో మాటలు, న్యూరాలజిస్టు అనుమతి, మొదటి ఐదు సెషన్లకు 22,500.